క్లౌ దొరగారి పదిహేను నెలలు



మన తెలుగు బాప్తిస్టు కుటుంబములలో క్లౌ దొరగారి పేరు తెలియని ఇల్లు లేదు. పేరుతోపాటు ఒక అంకె కూడ అందరికీ కంఠస్థమే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. సండేస్కూలు పిల్లలను నిద్రలేపి అడిగినా ఈ అంకె చెప్పగలరు. అయితే దానికి ముందు పదిహేను నెలలపాటు, అడిగినవారు వేలమంది ఉండగా, అదే మనిషి ఒక్కరికి కూడ బాప్తిస్మము ఇవ్వలేదన్న సంగతి మన వారిలో చాలామంది ఎరుగరు. ఆయన చరిత్రలో మాకు ఎక్కువ విలువైనవిగా తోచేవి ఆ పదిహేను నెలలే.

రోమీయులకు వ్రాసిన పత్రిక ఏడవ అధ్యాయములో పౌలు చెప్పిన లోపలి పోరాటమును గురించి ప్రసంగములు వింటూనే ఉంటాము. వింటున్నప్పుడు మన తలంపు త్రాగుడు మీదికో, కోపము మీదికో, ధనాపేక్ష మీదికో పోతుంది. వాటికి దూరముగా బ్రదికేవాడు ఆ అధ్యాయము పొరుగువాని కొరకు వ్రాయబడినదనుకొని నెమ్మదిగా కూర్చుంటాడు. క్లౌగారిలో చెప్పుకోదగిన దురభ్యాసములు లేవు. ఆయన పోరాటము ఆయన సామర్థ్యముతోనే, పని సాధించాలనే పట్టుదలతోనే.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జులై 16న న్యూయార్క్ రాష్ట్రములో ఫ్రూస్‌బర్గ్ దగ్గర ఒక రైతు కుటుంబములో పుట్టారు. తరువాత ఆ కుటుంబము పడమరగా అయోవా ప్రాంతమునకు తరలిపోయింది. బ్రదుకు తెరువు కొరకు ఊరు విడిచిన కుటుంబమే అది కూడ. ఇరవై ఏండ్లు రాకముందే ఆయన మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ భూముల సర్వే జట్టులో చేరారు. గొలుసు పట్టుకొని భూమి కొలవడము, మనుషులను కూడగట్టి పని చేయించడము, చలిలో గుడారములలో పడుకోవడము అక్కడే నేర్చుకొన్నారు. సంపాదించిన సొమ్ముతో బర్లింగ్టన్‌లో చదువుకు చేరారు. వకీలు కావాలన్నది ఆయన ఆశ. వాదించి గెలవడము ఆయన స్వభావములో ఉన్నది. మత విషయములంటే ఆ దినములలో ఆయనకు అంత లక్ష్యము లేదు. బర్లింగ్టన్‌లోనే మారుమనస్సు పొంది, 1858లో బాప్తిస్మము తీసుకొన్నారు. 1861లో హ్యారియెట్ సండర్లండ్ అనే ఆమెను వివాహమాడారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మారుమనస్సు పొందిన దినముననే పాత మనిషి చనిపోయాడని సాక్ష్యములలో చెప్పుకోవడము మనకు అలవాటు. క్లౌగారిలో ఆ సర్వేయరు చావలేదు, ఆ వకీలు చావలేదు. ఇద్దరూ ఆయనతోపాటు ఓడ ఎక్కారు.

1864 నవంబరు 30న బోస్టన్‌లో బయలుదేరిన ఆ చిన్న ఓడలో డాక్టర్ లైమన్ జూయెట్‌గారు కూడ ఉన్నారు. మన మిషను అప్పుడు చావుబ్రదుకుల మధ్య ఉన్నది. శామ్యూల్ డేగారు 1836లో వచ్చి, కొంతకాలము ఇక్కడే మద్రాసులో తెలుగువారి మధ్య పనిచేసి, 1840లో నెల్లూరు చేరారు. అప్పటినుండి పాతికేండ్లు కష్టపడినా ఫలము పిడికెడే. అమెరికాలోని పెద్దలు దీనిని మూసివేద్దామని ఒకటికి రెండుసార్లు తలపెట్టారు. 1862లో జూయెట్‌గారు ఎవరు పంపినా పంపకపోయినా తాను తెలుగువారి మధ్యనే చనిపోతానని పట్టుబట్టినందున అది నిలిచింది. ఇరవై ఎనిమిదేండ్ల క్లౌగారిని ఆయనకు తోడుగా పంపారు. ఓడలోనే తెలుగు పాఠములు మొదలైనవి. 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. అప్పటికి ఇక్కడ రేవు కట్టలేదు. ఓడలు దూరముగా ఆగితే, మసూలా పడవలలో అలల మీదుగా ఒడ్డుకు రావలసినదే.

నెల్లూరులో కొంతకాలముండి 1866 సెప్టెంబరు 17న క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడినది. ఆ కాలములో ముందుగా వచ్చినవారిలో తాళ్ళకొండపాడు వాస్తవ్యుడు యర్రగుంట్ల పేరయ్యగారు ఉన్నారు. ఆయన మాదిగవారు, తోళ్ళ వ్యాపారి. క్రీస్తును గురించి వినకముందే యోగమార్గములో గురువులను వెదకి తిరిగిన మనిషి. ఆయన, ఆయన భార్య నాగమ్మగారు ఊరూరా తిరిగి చెప్పినందుననే ఆ పడమటి పల్లెలు కదిలినవి. ఉత్తరము అందుకొని క్లౌగారు తాళ్ళకొండపాడు వెళితే, చెట్లక్రింద జనము సిద్ధముగా కూర్చుని ఉన్నారు. 28 మంది బాప్తిస్మము పొందారు.

మొదటి పెద్ద పోరాటము ఇక్కడే వచ్చినది. ఒంగోలు పట్టణములోని బ్రాహ్మణులు క్లౌగారిని ఆదరించి, తమ పిల్లలకు బడి పెట్టమని కోరారు. ఆయన సంతోషముగా పెట్టారు. చదువుకొన్నవారు, పలుకుబడి గలవారు ముందు కదిలితే తక్కినవారు వారి వెంట వస్తారన్నది ఆ కాలపు మిషనరీలలో చాలామంది నమ్మకము. నమ్మకము మాట ఎట్లున్నా, పెద్దమనుషులు ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడడము పరదేశములో ఒంటరిగా ఉన్న యౌవనస్థునికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో మనము ఊహించవచ్చును. ఇంతలో మాదిగపల్లెలనుండి జనము రావడము ఎక్కువైనది. వారిని చేర్చుకొంటే మా పిల్లలు రారని పట్టణపు పెద్దలు తెలియజేశారు. పని మంచిదే, బడి మంచిదే, రెండూ దేవుని కొరకే. అయినా రెంటిలో ఒకటి పోవాలి.

ఆ రాత్రి సంగతి మన పెద్దలు చెబుతూ వచ్చినదే. ఏమి చేయాలో తోచక క్లౌగారు తన గదిలో, హ్యారియెట్ అమ్మగారు తన గదిలో ఒకరికి తెలియకుండ ఒకరు ఒక లేఖనమును తెరిచారు. ఇద్దరి కంటా పడినది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, లోకము ఎన్నికలేనివారిగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడనే భాగమే. దీనిని అద్భుతముగా చెప్పి ఊరుకొనేవారున్నారు. మాకు తోచేది వేరు. ఆ వాక్యము ఆయనకు ఆ రాత్రే కొత్తగా తెలిసినది కాదు. ప్రసంగము చేసేవాడు ఎన్నిసార్లు చదివి ఉంటాడు! తెలిసిన వాక్యమే తన బడికి, తన ఆశకు అడ్డముగా వచ్చి నిలబడినది. ఆయన పల్లెలవారిని ఎన్నుకొన్నారు. బ్రాహ్మణ పిల్లలు బడి మానివేశారు.

చింతాద్రిపేటలో ఉన్న మనకు ఇది పాతకథ మాత్రము కాదు. ఈ పేటే 1734లో నేతపనివారిని పిలిపించి కూవము ఒడ్డున కట్టిన పేట, పనిపాటలు చేసుకొనేవారి కొరకు పుట్టినది. నెల్లూరు, ఒంగోలు సీమలనుండి మన తాత ముత్తాతలు మద్రాసు వచ్చి కార్పొరేషను పారిశుద్ధ్య పనిలో చేరారు, రైల్వేలో చేరారు, బరువులు మోశారు. ఆ చేతికష్టము మీదనే తెలుగు సంఘములు చాలా వరకు నిలిచినవి. ఇప్పుడు మన పిల్లలు బ్యాంకులలోనూ కంప్యూటరు కంపెనీలలోనూ ఉన్నారు, దేవునికి స్తోత్రము. అయితే సంఘ కమిటీకి పేర్లు వేసేటప్పుడు, ఆరాధనలో ముందు వరుస చూపేటప్పుడు, పెండ్లి సంబంధము మాట్లాడేటప్పుడు ఒంగోలు బడి సమస్య మళ్ళీ మన యెదుట ఉన్నట్టే. నలుగురిలో గౌరవముగా కనబడాలనే కోరిక పాపముగా తోచదు. అందుచేతనే అది ప్రార్థనలో కూడ మనతో మోకరించగలదు.

తిరిగి ఒంగోలు వద్దాము. పల్లెలనుండి వచ్చేవారికి క్లౌగారు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారము పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినడానికి ఎంత చిన్నవి! ఆ దినములలోని మాదిగపల్లెలో నిలబడి వినాలి వీటిని. రైతుకు చెప్పులు, మోటబావికి తోలు బొక్కెన చేసి ఇవ్వడము వారి వంతు. జాతరకు డప్పు కొట్టడము వారి వంతు. చచ్చిన పశువు వారికి మిరాశీ. తోలు పనికి, మాంసము కడుపుకు. వానలు లేని సంవత్సరములో ఇంటిల్లిపాదీ దాని మీదనే బ్రదికిన దినములుండేవి. పిల్లలు ఆకలితో ఉండగా ఊరి బయట పడిఉన్న గొడ్డును చూచి వెనుకకు తిరిగి రావడమే ఆ తొలి విశ్వాసులకు ఆత్మకు, శరీరమునకు జరిగిన పోరాటము. ఆదివారము బొక్కెన కుట్టనన్నందుకు, డప్పు ముట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు, కూలిపనులు పోగొట్టుకొన్నారు, నీళ్ళు లేకుండ ఉన్నారు. అందరూ నిలిచారని చెప్పలేము. పడినవారున్నారు, పడి లేచినవారూ ఉన్నారు. క్లౌగారు వారి పక్షముగా అధికారుల యెదుట అర్జీలు పెట్టి వాదించారు. మారుమనస్సు పొందిన తరువాత కూడ ఆ వకీలు బ్రదికే ఉన్నాడని పైన చెప్పినది ఇందుకే. అతడు ఇక్కడ పనికివచ్చాడు.

ఇక కరవు సంగతి. 1876లో వానలు తప్పినవి. 1877లో కూడ సరిగా కురియలేదు. మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది చనిపోయారు. ప్రభుత్వము కరవు పనులు మొదలుపెట్టినది. ఉత్తరాన ఉన్న కాలువలను మద్రాసుతో కలిపే పని అందులో ఒకటి. 1875 నుండి 1880 వరకు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. మన పేట అంచున కూవమును దాటి దక్షిణముగా పోయే మురికి కాలువ అదే. చేపాకము దాటిన తరువాత ఎత్తు రైలు స్తంభములు దానిలోనే దిగి ఉన్నవి. ముక్కు మూసుకొని దాటిపోయే మనవారికి అది ఏమి కాలువో చెప్పేవారు తగ్గిపోయారు. ఈ నగరములోని భాగమును, మన ఒంగోలు సీమలోని భాగమును త్రవ్వినవి ఒకే కరవులో ఆకలిగొన్న చేతులు. ఒకప్పుడు అటునుండి బియ్యము, కట్టెలు పడవల మీద మద్రాసుకు వచ్చేవి.

ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని క్లౌగారు కంట్రాక్టుగా తీసుకొన్నారు. సర్వేయరుగా నేర్చినది అక్కరకు వచ్చినది. కొలతలు వేసి, పనివారిని గుంపులుగా విభజించి, తన బోధకులను మేస్త్రీలుగా నియమించారు. వేలకొలది జనము అక్కడ పనిచేశారు. కూలి సరిగా అందేది. వేరే చోట్ల దెబ్బలు తిన్నవారికి ఇక్కడ ఆదరణ దొరికినది. మట్టి మోసి అలసి కూర్చున్నవారికి బోధకులు సువార్త చెప్పారు. బాప్తిస్మము కావాలని జనము అడగడము మొదలుపెట్టారు. మొదట పదులు, తరువాత వందలు, ఆ తరువాత లెక్క లేదు.

క్లౌగారు ఇవ్వలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదిహేను నెలలు.

ఎందుకు ఇవ్వలేదో అర్థము చేసికోవడము కష్టము కాదు. కూలి డబ్బు ఆయన చేతిమీదుగా పోతున్నది. గింజల కొరకు వచ్చాడో క్రీస్తు కొరకు వచ్చాడో ఆకలిగొన్నవానికి తనకే తెలియదు. ఇచ్చే చేయి, బాప్తిస్మము ఇచ్చే చేయి ఒకటైతే, ఆ బాప్తిస్మము మీద ఎప్పటికీ ఒక మచ్చ ఉంటుంది. కాని ఆయన స్వభావమును కూడ ప్రక్కన పెట్టి చూడండి. పని జరగాలి, ఫలము కనబడాలి అనే మనిషి. ముప్ఫయి ఏండ్లు ఎండిపోయిన పొలమని పేరుపడిన మిషను. పైరు పండి ఒరిగి ఉన్నది. కోయవచ్చును. కోస్తే స్వదేశములో పొగడేవారే గాని అడిగేవారు అంతగా ఉండరు. చేయి కట్టుకొని నిలబడడము అటువంటి మనిషికి ఎంత బరువు!

ఇంకొక బరువు కూడ ఉన్నది, దీనిని మన వ్యాసములలో దాటవేస్తుంటారు. ఆ పదిహేను నెలలలో ఆకలితోనూ కలరాతోనూ జనము చనిపోతున్నారు. అడిగినవారిలో పొందకుండనే కన్నుమూసినవారు ఉండి ఉంటారు. బాప్తిస్మము రక్షణ నియ్యదు, రక్షణ పొందినవానికి అది గురుతు అని మన సిద్ధాంతము. సిద్ధాంతము సరియే. అయినను చనిపోబోయేవాడు అడిగిన గురుతును నిరాకరించిన మనిషికి రాత్రులు నిద్ర సులువుగా పట్టి ఉండదు. ఆయన మితిమీరి కఠినముగా ఉన్నారని ఎవరైనా అంటే మేము వెంటనే కాదనలేము. మా మట్టుకు, ఆ పరిస్థితిలో ఏది చేసినా ఏదో ఒక నష్టము తప్పదు. తన కీర్తికి లాభము కలిగించే తప్పుకంటె, తన మనస్సుకు నొప్పి కలిగించే జాగ్రత్తను ఆయన ఎన్నుకొన్నారు.

1878 జూనులో వానలు పడే సూచనలు కనబడి, సహాయపు పనులు ముగింపుకు వచ్చినవి. క్లౌగారు బోధకులను ఒంగోలుకు ఉత్తరముగా పది మైళ్ళలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నారు. ఒంగోలులో రోగములు ఉన్నందున అక్కడికి వద్దన్నారు. క్రొత్తగా చేరగోరేవారిని వెంట తేవద్దని కూడ చెప్పి పంపారు. వారు వినలేదు, వేలమంది వచ్చారు. ఇక ఇవ్వడానికి తనయొద్ద డబ్బు లేదని ఆయన వారందరికి స్పష్టముగా తెలియజేశారు. వెళ్ళిపోమన్నారు. డబ్బు అడగడానికి రాలేదని, కష్టము చేసి బ్రదుకుతామని చెబుతూ వారు కాలువ త్రవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారు. ఈసారి పంట పోతే చస్తామని, చావవలసి వస్తే క్రైస్తవులుగా చస్తామని అన్నారు. ఆయన లోపలికి వెళ్ళి ప్రార్థన చేసికొన్నారు. మళ్ళీ బయటికి వచ్చిన తరువాత నిరాకరించలేదు.

అయితే గుంపును గుంపుగా నీటిలోనికి దింపలేదు. ఊరూరి వారిని వేరుగా కూర్చుండబెట్టి, ఆ ఊరు ఎరిగిన బోధకులు ఒక్కొక్కరిని ప్రశ్నించి పేర్లు వ్రాశారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఒకేసారి ఇద్దరు చొప్పున, అలసినప్పుడు మారుతూ ఏటిలో నిలిచారు. సంవత్సరాంతమునకు ఈ సంఖ్య 9,606కు చేరినది. కొద్ది కాలములోనే ఒంగోలు సంఘము ప్రపంచములోకెల్ల పెద్ద బాప్తిస్టు సంఘమని పేరు పొందినది.

అంతటితో పోరాటము తీరిపోయినదని అనుకోరాదు. బియ్యపు క్రైస్తవులన్న నింద అప్పుడే మొదలైనది. సముద్రమునకు అవతల అనుమానించినవారున్నారు, ఇక్కడి తోటి పనివారిలో కూడ ఇంత తొందర ఎందుకన్నవారున్నారు. పదిహేను నెలలు ఆపిన మనిషిని తొందరపడ్డాడనడము విచిత్రమే. అంత జనమును పోషించి బోధించడము ఒక మిషనరీ వలన, కొద్దిమంది బోధకుల వలన అయ్యేపని కాదన్నది మాత్రము నిజము. క్లౌగారు తన పద్ధతిని గట్టిగా సమర్థించుకొన్నారు, ఆయనతో పొసగి పనిచేయడము అందరికి సులువు కాలేదు. మనుషులను నడిపించే గుణము, మనుషులు తన మాటే వినాలనే గుణము ఒకే వేరునుండి పుడతాయి. ఆ వేరు ఆయనలో చివరివరకు ఉన్నది. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మళ్ళీ ఒకే దినమున 1,671 మంది బాప్తిస్మము పొందారు. ఆ తరువాత అమెరికా వెళ్ళి మిషనుకు క్రొత్త పనివారిని, ధనమును కూర్చుకొని వచ్చారు. లెక్కలంటే ఆయనకు ఎన్నడూ భయము లేదు.

హ్యారియెట్ అమ్మగారు 1893లో చనిపోయారు. తరువాతి సంవత్సరము క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్‌గారిని వివాహమాడారు. ఆమె మన మద్రాసుకు పరాయి కాదు, 1880 ప్రాంతములలో వచ్చి ఇక్కడి తెలుగు స్త్రీల మధ్య, పిల్లల మధ్య పనిచేసినవారు. అమెరికాలో సామాజిక సువార్తను బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్‌గారికి సహోదరి. మాదిగపల్లెలలోని తొలి విశ్వాసుల జీవితములను వారి నోట విని ఆమె 1899లో ఒక పుస్తకము ప్రచురించారు. దాని పేరు చెప్పులు కుట్టడముతో మొదలవుతుంది. తమ పేర్లు ఏ పుస్తకములోనూ ఉంటాయని ఆ ముసలివారు అనుకొని ఉండరు.

ఒంగోలు వచ్చిన యౌవనస్థుడు పేరయ్యగారి పూర్వపు యోగాభ్యాసమును చీకటి అనే ఎంచి ఉంటాడు. ముసలితనములో క్లౌగారు అట్లు మాట్లాడలేదు. దేవుని వెదకే మనస్సు తాను రాకముందే ఆ పల్లెలలో ఉన్నదని ఒప్పుకొన్నారు. వాదించి గెలవాలనే మనిషి అంతవరకు రావడానికి నలుబది ఏండ్లు పట్టినది. ఆయన తన జీవితమును చెప్పగా ఎమ్మాగారు వ్రాశారు. పుస్తకము అచ్చు కాకముందే, 1910 నవంబరు 24న, న్యూయార్క్ రాష్ట్రములోని రోచెస్టరులో ఆయన ప్రభువునందు నిద్రించారు. 1914లో అది వెలువడినది. వెల్లంపల్లి మూడు దినములతోపాటు, కాలువగట్టున ఎవరికీ బాప్తిస్మము ఇవ్వకుండ ఆపిన ఆ కాలమును కూడ ఆయన అందులో చెప్పించారు.